ఫారం ఇచ్చే ముందు ఆ మనిషి భయమేమిటో తెలుసుకో

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఆసాంతం చదివాను. మాజీ సైనికుల్లోనూ 108 అంబులెన్స్ సిబ్బందిలోనూ పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన ఎదురైనవాళ్లను ఆ తర్వాత కూడా వెంటాడే మానసిక జబ్బు) గురించి పీహెచ్‌డీ చేస్తానంటే చాలా సంతోషం వేసింది. మన జిల్లాల్లో ఈ పని జరగాల్సినంత జరగలేదు. స్టాటిస్టిక్స్ గురించి నాకు బెంగ లేదు, అవి మీ గైడ్ గారు చూసుకుంటారు. నా బెంగంతా నువ్వు ఆ ప్రశ్నల కాగితం పట్టుకుని ఒక మనిషి ఎదురుగా కూర్చునే గంట గురించే.

నువ్వు అడిగే ప్రతి ప్రశ్న వెనకా ఆ మనిషి తనలో తాను ఇంకో ప్రశ్న వేసుకుంటాడు: ‘దీనికి అవునంటే నాకేమవుతుంది?’ దానికి జవాబు నీకు తెలియనంతవరకూ నీ చేతికొచ్చిన స్కోరు ఎక్కువైనా తక్కువైనా దాన్ని ఎలా చదవాలో నీకు తెలియదు.

సర్వీసులో ఉన్న జవానునే తీసుకో. ఆర్మీలో ఆరోగ్యాన్ని ‘షేప్’ అనే పద్ధతిలో ఐదు భాగాలుగా చూస్తారు. మొదటిదే మానసిక స్థితి. అన్నీ బాగుంటే షేప్ వన్, ఏదైనా తగ్గితే లో మెడికల్ కేటగిరీ. దాని ప్రభావం పోస్టింగు మీదా ప్రమోషన్ మీదా పడుతుంది. అది తెలిసినవాడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నానని సంతకం పెట్టి మరీ నీకు ఎందుకు చెబుతాడు? రిటైరయ్యాక ఆ భయం పోతుందనుకోకు. సిపాయిలు చాలామంది నలభై ఏళ్లు దాటకముందే బయటికొచ్చి బ్యాంకులోనో ఫ్యాక్టరీలోనో సెక్యూరిటీ ఉద్యోగంలో చేరతారు. గన్‌మన్‌గా పనిచేసేవాడికి తుపాకీ లైసెన్సే అన్నం పెడుతుంది. ‘మెంటల్ అంట’ అన్న మాట ఊళ్లో పాకితే లైసెన్సు ఏమవుతుందో, కూతురి సంబంధం ఏమవుతుందోనని అతని దిగులు.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కులో ఇంకొకరుంటారు. డిసెబిలిటీ పెన్షన్ కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్న మనిషి, నువ్వు రాసే కాగితం తన కేసుకు పనికొస్తుందేమోనని ఆశపడతాడు. పనికిరాదని మొదటి ఐదు నిమిషాల్లోనే స్పష్టంగా చెప్పు. అంతేగానీ అతను ఎక్కువ చేసి చెబుతున్నాడని ముందే అనుమానం పెట్టుకోకు. అమెరికాలో వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చిన మగవాళ్ల మీద 1980ల చివర్లో పెద్ద సర్వే జరిగింది. వాళ్లలో వందకు ముప్ఫై మందికి పైగా జీవితంలో ఏదో ఒక దశలో పీటీఎస్‌డీ వచ్చిందని అది తేల్చింది. 2006లో అదే సమాచారాన్ని సైనిక రికార్డులతో పోల్చి మళ్లీ లెక్కగడితే 18.7 శాతం వచ్చింది. ఈ తేడా చూసి జవాన్లు అబద్ధాలు చెప్పారనుకుంటావేమో, కాదు. అబద్ధాల జాడ చాలా తక్కువగా కనిపించిందని ఆ పరిశోధకులే రాశారు. జబ్బు వల్ల రోజువారీ బతుకు ఎంత దెబ్బతింటే కేసుగా లెక్కపెట్టాలన్న దగ్గర చాలా తేడా వచ్చింది. కాబట్టి మనిషిని నమ్ము, లెక్క మాత్రం జాగ్రత్తగా కట్టు. ఆ అమెరికా శాతాలను మాత్రం మనవాళ్లకు అంటగట్టకు.

108 వాళ్ల భయం వేరు. ఆ సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. బండి మీద ప్రభుత్వం పేరున్నా, లోపల రోగిని చూసుకునే ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్), బండి నడిపే పైలట్ ఏజెన్సీ ఉద్యోగులు. నడిపే సంస్థ మారినప్పుడల్లా ఉద్యోగం ఉంటుందో లేదోనన్న టెన్షన్. సూపర్‌వైజర్ ఫోన్ చేసి ‘మేడమ్ వస్తారు, కోఆపరేట్ చెయ్యండి’ అంటే వాళ్లు వచ్చి కూర్చుంటారు, అడిగినవాటికి జవాబూ చెబుతారు. దాన్ని సమ్మతి అనుకోకు. కాదంటే ఏమవుతుందోనన్న భయంతో ఒప్పుకునేవాళ్లకు ప్రత్యేక రక్షణ ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. అధికారి దగ్గర అనుమతి తీసుకో, కానీ ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు వద్దన్నారో ఆయనకు తెలియనివ్వకు. స్టేషన్లోనో ఆఫీసులోనో కాకుండా వాళ్లు చెప్పిన చోట కలువు. షిఫ్టు దిగి అలిసిపోయి ఉన్నప్పుడు వద్దు.

పీటీఎస్‌డీ లక్షణాలు అడిగే పీసీఎల్-5 ఫారం వాడతానని రాశావు. మంచిదే. ఇరవై ప్రశ్నలు, మొత్తం ఎనభై మార్కులు, గడిచిన నెల గురించి అడుగుతుంది. 31 నుంచి 33 దగ్గర గీత గీస్తారు. అది జల్లెడ మాత్రమే. ఎక్కువ వచ్చినవాళ్లను జబ్బును నిర్ధారించే క్యాప్స్-5 ఇంటర్వ్యూతో చూడకుండా ‘పీటీఎస్‌డీ ఉంది’ అని థీసిస్‌లో రాయొద్దు. ఇంకో చిక్కుంది. ఒకే ఒక ఘటనను మనసులో పెట్టుకుని జవాబివ్వమంటుంది ఆ ఫారం. కార్గిల్లో పనిచేసినవాడికి ఒక రాత్రి గుర్తుండవచ్చు. ఎనిమిదేళ్లుగా హైవే మీద యాక్సిడెంట్ కేసులు ఎత్తుతున్న ఈఎంటీ ‘ఏ కేసు చెప్పమంటారు మేడమ్?’ అంటాడు. ఉద్యోగంలో భాగంగా ఇలాంటివి మళ్లీ మళ్లీ చూడాల్సి రావడం కూడా ఆఘాతమేనని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బులను నిర్ధారించే అమెరికన్ సైకియాట్రిస్టుల పుస్తకం) ఒప్పుకుంది, అది నీకు ఆసరా. ఎక్కువగా వెంటాడేది అతన్నే ఎంచుకోనివ్వు, మిగతావి పక్కన రాసుకో. ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పమని మాత్రం ఒత్తిడి పెట్టకు. ‘చిన్నపిల్ల, రోడ్డు ప్రమాదం’ అన్న రెండు ముక్కలు స్కోరు వేయడానికి చాలు.

ఆ ఫారం తెలుగు అనువాదాన్ని ముందు వాళ్లలోనే కొందరి చేత చదివించు. శ్రీకాకుళం పైలట్‌కూ పాతబస్తీలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఈఎంటీకీ ఒకేలా అర్థమవుతోందో లేదో చూడు. చాలామంది మనసు గురించి చెప్పరు. ఛాతీ పట్టేసినట్టుందని, చీటికీమాటికీ కోపమొస్తోందని, ఓ పెగ్గు వేస్తే గానీ నిద్ర పట్టదని అంటారు. మాజీ సైనికుణ్ణి మిలిటరీ క్యాంటీన్ మద్యం కోటా ఎన్నాళ్లకు అయిపోతోందని మామూలుగా అడిగితే తాగుడు సంగతి దానంతటదే వస్తుంది.

మాట్లాడుతూ అతని చూపు ఒకచోట ఆగిపోయి, ఊపిరి వేగం పెరిగి, నువ్వు అడిగింది వినపడనట్టుంటే అక్కడే ఆపెయ్. ఆ ఇంటర్వ్యూ సగంలో మిగిలినా ఫర్వాలేదు. మంచినీళ్లివ్వు, ఇప్పుడు ఎక్కడున్నాడో మాటల్లో గుర్తుచెయ్, కాసేపు కూర్చో. ఆ రోజు ఇంటికి ఎలా వెళతాడో, ఇంట్లో ఎవరున్నారో అడక్కుండా పంపకు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఏం చేస్తావో ఇప్పుడే రాసి పెట్టుకో: ముందే మాట్లాడి ఉంచుకున్న సైకియాట్రిస్టు, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. ప్రాణానికి ముప్పుంటే మాత్రం గోప్యంగా ఉంచలేనని సమ్మతి తీసుకునేటప్పుడే చెప్పాలి.

పేర్లు తీసేస్తే సరిపోతుందని రాశావు, సరిపోదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊళ్లో ఇంటింటికీ ఒక ఫౌజీ ఉంటాడు. రెజిమెంటు, వయసు, రిటైరైన సంవత్సరం కలిపి రాస్తే అది ఎవరో ఊరంతా చెప్పేస్తుంది. ఒక మండలానికి ఒకటో రెండో ఉండే 108 బండి సిబ్బంది విషయంలోనూ అంతే. వివరాలను గుంపులుగా కలిపి రాయి. పేర్లకూ కోడ్ నంబర్లకూ ఉన్న జాబితా నీ లాప్‌టాప్‌లో ఉండకూడదు.

108 అధికారులు ‘పెద్ద ప్రమాదం జరిగింది, అందరినీ కూర్చోబెట్టి ఒక కౌన్సెలింగ్ సెషన్ పెట్టండి’ అని అడగవచ్చు. ప్రమాదం జరిగిన వెంటనే ఒక్క సిట్టింగులో అందరి చేతా జరిగిందంతా చెప్పించడం పీటీఎస్‌డీని ఆపదని, కొందరికి కీడు కూడా చేయవచ్చని కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచి చూసే నివేదిక) చెప్పింది. మర్యాదగా వద్దను. వాళ్లకు ముందు కావాల్సింది తిండి, నిద్ర, డ్యూటీ మార్పు, ఇంటికి ఫోను. ఆ తర్వాత కూడా నెల దాటి బాధ తగ్గనివాళ్లను డాక్టరు దగ్గరికి చేర్చు.

నీ సంగతి కూడా. రోజుకు ఒకటికి మించి ఇంటర్వ్యూలు పెట్టుకోకు, రికార్డింగులు రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో వినకు. కలల్లోకి రావడం మొదలైతే మీ గైడ్‌తో చెప్పు, నాకూ ఫోన్ చెయ్.

సమ్మతి పత్రం తెలుగు డ్రాఫ్ట్ తయారవగానే ఎథిక్స్ కమిటీకి ఇచ్చేముందు నాకు పంపు. అందులో ‘మీరు వద్దంటే మీ ఆఫీసుకు తెలియదు’ అన్న వాక్యం మొదటి పేజీలోనే, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఆశీస్సులతో,
మాస్టారు