హోమ్‌స్కూలింగ్ పిల్లల బొమ్మలు, క్రాఫ్ట్: ఎంతవరకు ప్రోత్సహించాలి?

ప్రశ్న: మా ఇద్దరు పిల్లలకూ ఇంట్లోనే చదువు చెబుతున్నాం. బాబుకు 11 ఏళ్లు, పాపకు 6. పాప రోజంతా రంగులతోనే ఉంటుంది. బాబు అట్టపెట్టెలు కోసి వంతెనలు, యంత్రాలు కడతాడు. బొమ్మలు కూడా బాగా వేసేవాడు కానీ ఈ ఏడాది 'నాకు రాదు' అంటూ పెన్సిల్ పక్కన పెట్టేశాడు. ఉత్సాహంగా ఉంటుందని బొమ్మకో స్టార్ చొప్పున చార్టు పెట్టాను. ఇప్పుడు ఇద్దరూ గబగబా ఏదో గీసేసి స్టార్ అడుగుతున్నారు. నాకేమో బొమ్మలు వేయడం రాదు. ఈ సమయం లెక్కలకు పెడితే బాగుంటుందని మావారి టెన్షన్. బడికి వెళ్లని పిల్లలకు ఈ రంగంలో భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ముందు ఆ స్టార్ల చార్టు గోడ మీంచి తీసేయండమ్మా. మీరు రాసినవాటిలో ఇదే చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మిగతావన్నీ దీని తర్వాతే. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం అప్పటికే ఇష్టమున్న 3 నుంచి 5 ఏళ్ల పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. రెండో గుంపుకు ముందు ఏమీ చెప్పకుండా, బొమ్మ వేశాక అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత, ఇష్టమొచ్చినట్టు ఆడుకునే సమయంలో గమనిస్తే, బహుమతి సంగతి ముందే విన్న పిల్లలు ఆ పెన్నులతో గడిపిన సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. ఊహించకుండా బహుమతి అందుకున్న పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. అంటే 'ఇది చేస్తే అది ఇస్తాం' అనే బేరమే ఇష్టాన్ని తినేసింది. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నదీ అదే.

చార్టు తీశాక కొన్నాళ్లు ఇద్దరూ డల్‌గా ఉండొచ్చు. కంగారుపడకండి. ఏదైనా చేసి చూపించినప్పుడు 'సూపర్' అని వదిలేయకుండా, నిజంగా చూసి మాట్లాడండి. 'ఈ చక్రం ఊడిపోకుండా ఎలా బిగించావు?', 'ఈ మూల మాత్రం నల్లగా ఎందుకు వేశావు?' లాంటి ప్రశ్నలు చాలు. మీకు బొమ్మలు రాకపోవడం ఇక్కడ అడ్డే కాదు. కుతూహలం ఉంటే సరిపోతుంది.

ఇక బాబు 'నాకు రాదు' అనడం గురించి. ఇది దాదాపు 9 నుంచి 12 ఏళ్ల మధ్య చాలామంది పిల్లల్లో వచ్చే మలుపు. పిల్లల బొమ్మల ఎదుగుదలను దశలుగా విడదీసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ కూడా ఈ వయసును ప్రత్యేకంగా గుర్తించాడు. పాప వయసులో ఆకాశం అంటే పైన ఒక నీలం గీత, నేల అంటే కింద ఒక గీత. అది సరిపోలేదని ఆ వయసు పిల్లలకు అనిపించదు. 11 ఏళ్లకు చూపు పదునెక్కుతుంది, చెయ్యి ఇంకా అందుకోదు. తను వేసిన బొమ్మ అసలు వస్తువులా లేదని వాడికి ఇప్పుడు తెలుస్తోంది. నన్నడిగితే అది ఎదుగుదలే. కానీ ఆ సమయంలో ఎవరూ చెయ్యి అందించకపోతే చాలామంది అక్కడే ఆగిపోతారు. పెద్దయ్యాక మనలో ఎంతోమంది పదేళ్ల పిల్లల్లాగే బొమ్మలు వేయడానికి కారణం ఇదే.

ఇక్కడ వాడికి కొత్త రంగుల పెట్టె పనికిరాదు. చూడటం నేర్పాలి. కుర్చీకి నాలుగు కాళ్లూ ఒకే పొడవని మెదడుకు తెలుసు కాబట్టి చెయ్యి అలాగే వేస్తుంది. మనం కూర్చున్న చోటు నుంచి చూస్తే మాత్రం ఆ నాలుగూ నాలుగు పొడవుల్లో కనిపిస్తాయి. అందుకే కుర్చీని వేయమనకుండా, కాళ్ల మధ్య ఉన్న ఖాళీల ఆకారాలు వేయమనండి. కుర్చీ దానంతటదే వస్తుంది. ఒక ఫొటోను తలకిందులుగా పెట్టి చూసి వేయడం, కాగితం వైపు చూడకుండా సొంత చేతి అంచుల వెంట చూపు నడుపుతూ గీయడం కూడా మంచి అభ్యాసాలు. రోజూ పావుగంట చాలు. మీరూ పక్కన కూర్చుని వేయండి. మీ బొమ్మ వంకరగా వచ్చినా దాచకండి. తప్పు వేయడం పెద్దవాళ్లకూ మామూలేనని వాడు చూడాలి.

వాడి అట్ట వంతెనల్ని మాత్రం బొమ్మల కంటే తక్కువగా చూడకండి. ఆర్కిటెక్టులు, ప్రొడక్ట్ డిజైనర్లు ఇప్పటికీ తమ ఆలోచనను ముందు అట్టతో, ఫోమ్‌తో మోడల్ చేసి చూసుకుంటారు. కట్టబోయేదాన్ని ముందే కాగితం మీద కొలతలతో గీయడం వాడికి అలవాటైతే స్కేలు, నిష్పత్తి, కోణాలు అందులోకి వచ్చేస్తాయి. మీవారి టెన్షన్‌కు ఇది కొంత జవాబు. కానీ వాడు జిగురు ఆరకముందే పక్కకు వెళ్లి 'ఇది ఏ కోణం చెప్పు' అని అడగొద్దు. హోమ్‌స్కూలింగ్ ఇళ్లలో నేను తరచుగా చూసే ఇబ్బంది ఇదే, పిల్లలు ముట్టుకున్న ప్రతిదీ పాఠం అయిపోవడం. లెక్కలు లెక్కల సమయంలోనే చెప్పండి, రోజూ క్రమం తప్పకుండా.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అన్నీ అమర్చి ఇచ్చే కిట్లు తగ్గించండి, వాటితో ఎవరు చేసినా ఒకేలా వస్తుంది. కాస్త మందపాటి కాగితం, 2బి, 4బి లాంటి మెత్తటి పెన్సిళ్లు, నిజంగా తెగే కత్తెర, మంచి జిగురు ఉంటే చాలు. పెద్దల కోసం చేసే కొన్ని పెయింట్లలో కాడ్మియం, కోబాల్ట్ లాంటి లోహాల రంగులు ఉంటాయి కాబట్టి పాపకు పిల్లల కోసం తయారైనవే, విషరహితమని లేబుల్ ఉన్నవే ఇవ్వండి. వీటన్నిటికంటే ముఖ్యం, సగంలో ఉన్న పనిని రాత్రికి ఎత్తేయక్కర్లేని ఒక మూల. రేపు మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చని తెలిస్తేనే పిల్లలు పెద్ద పనులకు పూనుకుంటారు.

భవిష్యత్తు మాటకు వస్తే, మీవారికి సాంటియాగో రమోన్ ఇ కహాల్ అనే శాస్త్రవేత్త గురించి చెప్పండి. 1852లో స్పెయిన్‌లో పుట్టాడు. కుర్రాడికి బొమ్మల పిచ్చి. వైద్యుడైన తండ్రికి అది బొత్తిగా నచ్చలేదు, కొడుకును డాక్టరును చేయాలన్నది ఆయన పట్టుదల. చివరికి తండ్రి దగ్గర ఎముకల్ని చూసి గీస్తూ శరీర నిర్మాణం నేర్చుకున్నాడు. తర్వాత మైక్రోస్కోపులో చూసిన నాడీకణాల్ని అదే చేత్తో గీశాడు, 1906లో నోబెల్ అందుకున్నాడు. బియాట్రిక్స్ పాటర్‌ది అచ్చంగా ఇంటి చదువే. పెంపుడు జంతువుల్ని, పుట్టగొడుగుల్ని చూసి చూసి బొమ్మలు వేసేది. 1897లో పుట్టగొడుగుల బీజాల మీద ఆమె రాసిన పత్రాన్ని లండన్‌లోని లినియన్ సొసైటీ అనే జీవశాస్త్ర సంఘానికి సమర్పించారు. తర్వాత పిల్లల పుస్తకాల రచయిత్రిగా, చిత్రకారిణిగా ప్రపంచానికి తెలిసింది. మీ పిల్లలు అంతటివాళ్లవుతారని కాదు నేను చెప్పేది. చూసి గీసే అలవాటు ఏ దారిలో అక్కరకొస్తుందో 11 ఏళ్లప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఈ రోజు ఉన్న దారులు కూడా తక్కువేం కాదు. యానిమేషన్, ఇలస్ట్రేషన్, రంగస్థల అలంకరణ, వస్త్ర డిజైన్, ప్రొడక్ట్ డిజైన్, ఆర్కిటెక్చర్, వైద్య పుస్తకాలకు బొమ్మలు వేయడం, కృత్రిమ అవయవాల తయారీ, పాత చిత్రాల సంరక్షణ. ఆర్కిటెక్చర్‌కు లెక్కలు, మామూలుగా ఫిజిక్స్ కూడా కావాలి. చిత్రాల సంరక్షణకు కెమిస్ట్రీ తప్పదు. అందుకే బొమ్మల కోసం చదువును వదలమని ఎవరైనా అంటే వినకండి. సొంతంగా పనిచేసే చిత్రకారులకు నెలనెలా ఒకే ఆదాయం ఉండదన్నది కూడా నిజమే. పెద్దయ్యాక బాబుకు ఈ సంగతి దాచకుండా చెప్పాలి. ఆ చర్చకు 14 ఏళ్లు సరైన వయసు, ఇప్పుడే వద్దు.

ఇప్పుడు చేయాల్సింది ఒక పెట్టె పెట్టడం. ప్రతి పని వెనక తేదీ రాసి అందులో వేయండి. చెడిపోయినవీ ఉండాలి. పెట్టెలో పట్టని వంతెనలకు ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో, రెండు మూడు వైపుల నుంచి ఫొటోలు తీయండి. చాలా డిజైన్, ఆర్ట్ కళాశాలలు ప్రవేశానికి పోర్ట్‌ఫోలియో, అంటే విద్యార్థి తన పనుల్లోంచి ఎంచి కూర్చిన సంకలనం అడుగుతాయి, సాధారణంగా 10 నుంచి 20 పనులు. అందులో ఇంటర్నెట్ బొమ్మల కాపీల కంటే ఎదురుగా ఉన్నదాన్ని చూసి వేసినవాటికి, ఒక ఆలోచన ఎలా మారుతూ వచ్చిందో చూపే స్కెచ్‌బుక్ పేజీలకు విలువ ఎక్కువ. మీరు మాత్రం ఏ బొమ్మనూ సరిదిద్దకండి. తల్లి చెయ్యి పడిన గీతను పరీక్షించేవాళ్లు పట్టేస్తారు.

స్కూలు చదువు సర్టిఫికెట్ విషయంలో ఆలస్యం చేయొద్దు. డిగ్రీ స్థాయి కోర్సులకు పోర్ట్‌ఫోలియో ఎంత బాగున్నా చాలాచోట్ల గుర్తింపు ఉన్న పాఠశాల చివరి పరీక్ష ఉత్తీర్ణత తప్పనిసరి. ఇంట్లో చదివే పిల్లలు మీరున్నచోట ఆ పరీక్షకు ప్రైవేటుగా కూర్చోవచ్చా, ఏ వయసులో నమోదు చేసుకోవాలి, ఏ సబ్జెక్టులు ఎంచుకోవచ్చు అన్నవి బాబుకు 13 నిండేలోపే తెలుసుకుని, రాసి పెట్టుకోండి. ఇంకో సంగతి, చాలామంది తల్లిదండ్రులకు ఆఖరి ఏడాదిలో గానీ గుర్తురానిది. కొన్ని కళాశాలలు సిఫారసు లేఖ అడుగుతాయి, దాన్ని అమ్మానాన్నలు రాస్తే చెల్లదు. వడ్రంగి గానీ, కుండలు చేసేవారు గానీ, చిత్రకారులు గానీ, చేతిపని తెలిసిన ఒక మనిషి దగ్గరికి బాబును 13 ఏళ్ల నుంచి క్రమంగా పంపండి. లేఖ సంగతి ఎలా ఉన్నా, పనిని ప్రాణంగా చేసే మనిషి పక్కన నిలబడి నేర్చుకునేది ఇంట్లో మనం నేర్పలేం.