మీ ప్రశ్నలు - మా జవాబులు: డొమినికా సిస్సెరూ చిలుక

ప్రశ్న: కరీబియన్ ద్వీప దేశం డొమినికా జెండా మధ్యలోని జాతీయ పక్షి సిస్సెరూ చిలుక ఒక పుస్తకంలో కుడికి, ఇంకో పుస్తకంలో ఎడమకు చూస్తోంది. ఏది సరైనది?

జవాబు: జెండాకర్ర వైపు, అంటే కాగితం మీద ఎడమకు చూసేదే ఇప్పటి జెండా. 1978 నవంబరు 3న స్వాతంత్ర్యం వచ్చినప్పటి జెండాలో అది కుడికి తిరిగి ఉండేది, 1988లో ఎడమకు తిప్పారు. చారల వరస కూడా మారి, ఇప్పుడు పసుపు, నలుపు, తెలుపుగా ఉంది. జాతీయ జెండాల్లో అరుదుగా కనిపించే ఊదా రంగు ఈ పక్షి రొమ్ముది. ఇది డొమినికన్ రిపబ్లిక్ జెండా కాదు, అది వేరే దేశం.

ప్రశ్న: జాతీయ పక్షికి చట్టం అండ ఉంటుంది కదా, మరి అంతరించే దశకు ఎందుకు వచ్చింది?

జవాబు: చట్టం తుపాకీని, పంజరాన్ని ఆపగలదు. 1976 నాటి అటవీ, వన్యప్రాణి చట్టం ఆ పని చేసింది. అరుదైన జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైట్స్ మొదటి అనుబంధంలో ఉన్నందున అంతర్జాతీయ వ్యాపారమూ నిషిద్ధమే. 2000లో మోర్న్ డయాబ్లోటిన్ కొండ చుట్టూ జాతీయ వనం ఏర్పడింది. వీటితో వేట బాగా తగ్గింది. తుపాను మాత్రం చట్టం చేతిలో లేదు.

1979 ఆగస్టులో డేవిడ్ తుపాను తరవాత 50 దాకా మిగిలాయని అంచనా. మెల్లగా 250-350కి చేరిన సంఖ్య, 2017 సెప్టెంబరు 18న మరియా తుపాను తాకాక మళ్ళీ 50 దరిదాపులకు పడిపోయింది. గాలి నేరుగా చంపేవాటితోనే కథ ముగియదు. చెట్లకు ఆకు, పువ్వు, కాయ ఏమీ మిగలవు కాబట్టి బతికినవి ఆకలితో కిందికి దిగి మనుషుల కంట పడతాయి. పైగా సిస్సెరూ గూడు అల్లుకోదు. గొమ్మియే లాంటి పెద్ద, పాత చెట్ల తొర్రల్లోనే గుడ్లు పెడుతుంది. అలాంటి చెట్టు కూలితే మరో తొర్రకు దశాబ్దాలు పడుతుంది, మొక్క నాటితే వెంటనే తీరే లోటు కాదు.

సంతానమూ తక్కువే. సాధారణంగా రెండు గుడ్లు, బతికేది ఒక పిల్ల, అదీ రెండేళ్లకోసారి. కాగితం లెక్క వేయండి: 20 జంటలున్నాయనుకుంటే, అన్నీ సక్రమంగా పిల్లల్ని పెంచినా ఏడాదికి 10. చావులు తీసేయకముందు మాట ఇది.

ప్రశ్న: పట్టి పెంచి, పిల్లల్ని అడవిలో వదలొచ్చు కదా?

జవాబు: రాజధాని రోజోలోని బొటానికల్ గార్డెన్స్‌లో 2010లో గుడ్డు నుంచి ఒక సిస్సెరూ పిల్ల బయటికొచ్చింది. దాన్ని పెద్ద విజయంగా చెప్పుకున్నారంటే ఎంత కష్టమో ఊహించండి. 2018 మార్చిలో రెండు సిస్సెరూలను, డొమినికాలోని మరో చిలుక జాతి అయిన జాకోలను పదింటిని జర్మనీకి తరలించడం పెద్ద వివాదమైంది. ఇంత చిన్న గుంపులో రెండు పక్షులు తక్కువేమీ కావు. పెంపకం బీమా లాంటిది, అడవికి బదులు కాదు. తొర్ర చెట్లు లేని చోట వదిలితే ఆ పిల్లలు గుడ్లు ఎక్కడ పెడతాయి?

ప్రశ్న: మోర్న్ డయాబ్లోటిన్ వనంలోని సిండికేట్ కాలిబాటలో చూస్తే జాకో, సిస్సెరూ తేడా ఎలా?

జవాబు: తెల్లవారుజామున గాని, సాయంత్రం గాని వెళ్ళండి. జాకో దాదాపు 40 సెంటీమీటర్లు, ఒళ్ళంతా ఆకుపచ్చ, గొంతు దగ్గర ఎర్ర మచ్చ, తరచూ గుంపులుగా తిరుగుతుంది. సిస్సెరూ 48 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. రొమ్ము ఊదా, తల ముదురు రంగు, ఎక్కువగా జంటగా, ఎత్తైన అడవిలో కనిపిస్తుంది. దూరాన, ఆకాశానికి ఎదురుగా ఎగిరేటప్పుడు రెండూ నల్లగానే కనిపిస్తాయి. రొమ్ము రంగు కనబడకపోతే పుస్తకంలో ‘చిలుక, జాతి తెలియదు’ అని రాసుకోండి. సమయం, వెళ్ళిన దిక్కు కూడా రాయండి, లేకపోతే తిరిగొచ్చిన అదే జంట రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.