రెండు నీలాలు, పది మైళ్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో డ్యూక్, నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయాల మధ్య జరిగే బాస్కెట్‌బాల్ పోటీ గురించి, ముఖ్యంగా దాన్ని చూసే జనం గురించి వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

మా అబ్బాయి డ్యూక్‌లో ఎమ్మెస్‌లో చేరాడు. సెప్టెంబరులో ఒక వారాంతమంతా ఆరుబయట పడుకుంటేగానీ బాస్కెట్‌బాల్ టికెట్ దొరకదంటున్నాడు. ఆటలేమో నవంబరులో గానీ మొదలు కావట. నిజమేనా, మమ్మల్ని ఆటపట్టిస్తున్నాడా? (ఒక తల్లి, గుంటూరు)

నిజమేనమ్మా. ఒక్క సవరణ: అలా పడుకున్నంత మాత్రాన టికెట్ చేతికి రాదు. దొరికేది లాటరీలో చోటు. ఆ లాటరీలో పేరు వస్తే సీజన్ టికెట్‌ను డబ్బిచ్చి కొనుక్కునే హక్కు వస్తుంది. పీజీ, వృత్తివిద్యా కోర్సుల వాళ్ల కోసం అక్కడ ఏటా జరిగే తంతు ఇది. పేరు క్యాంపౌట్. ముప్ఫై ఆరు గంటల వ్యవహారంగా పేరుపడింది. నిడివి, నియమాలు ఏటా సవరిస్తుంటారు కాబట్టి పోయినేడాది సీనియర్ చెప్పిన మాట పట్టుకోకుండా ఆ ఏడాది ప్రకటన చదవమనండి.

పద్ధతి సులువే, నిద్రకే గండం. పగలూ రాత్రీ లేకుండా ఏ వేళకైనా సైరన్ మోగుతుంది. మోగిన కొద్ది నిమిషాల్లో బల్ల దగ్గరికి పరుగెత్తి హాజరు వేయించుకోవాలి. ఇన్నిసార్లు తప్పితే పేరు కొట్టేస్తామని ముందే చెబుతారు. ఎక్కువమంది దెబ్బతినేది అర్ధరాత్రి కాదు, పొద్దున పూట. రాత్రంతా కాసుకుని, తెల్లారింది కదా, గదికెళ్లి స్నానం చేసొద్దామని బయల్దేరతారు. సైరన్ అప్పుడే మోగుతుంది. నలుగురు స్నేహితులు ఒకచోటే పడుకుని, లేచినవాడు మిగతా ముగ్గుర్నీ లేపే ఒప్పందం చేసుకోవడం ఫోన్ అలారం కన్నా నమ్మకం.

డ్యూక్ ఉన్న డరమ్ ఊళ్లో సెప్టెంబరులో చలి ఉండదు. కాబట్టి మీరు ఇక్కణ్ణుంచి ఉన్ని దుప్పట్లు పంపనక్కర్లేదు. అది తుపాన్ల కాలం కనుక వాన భయం ఎక్కువ. దోమల మందు, టార్పాలిన్, రెండు జతల పొడి మేజోళ్లు, ఫోను ఛార్జి చేసుకునే పవర్ బ్యాంకు చాలు. తిండికి పులిహోర మేలు, ఒక రోజు నిలుస్తుంది. ఆ ఎండకు పెరుగన్నం సాయంత్రానికే పులిసిపోతుంది.

అయితే జనవరి చలిలో గుడారాలేసుకుని ఉంటారని చదివాను. అవి వేరా? ఎన్నాళ్లుంటారు? (ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

వేరే. అవి డిగ్రీ పిల్లలవి. డ్యూక్ జట్టు మాజీ కోచ్ మైక్ షషెఫ్‌స్కీ పేరుమీద ఆ గుడారాల బస్తీని షషెఫ్‌స్కీవిల్ అంటారు. ఇంటిపేరు స్పెల్లింగు కె అక్షరంతో మొదలవుతుంది కనుక ఆయన అందరికీ కోచ్ కె, బస్తీ కేవిల్. 1986లో నార్త్ కరోలైనా ఆటకు ముందు కొద్దిమంది విద్యార్థులు గుడారాలు వేయడంతో మొదలైంది. కామెరన్ ఇండోర్ స్టేడియంలో పట్టేది 9,314 మందే. కట్టింది 1940లో. కిందివరస బెంచీలు విద్యార్థులవి, మైదానం గీతకు చేతికందే దూరం. ఆ చోటు కోసమే ఈ పాట్లన్నీ.

గుడారానికి పన్నెండు మంది. రకాలు మూడు. అందరికన్నా ముందు, నార్త్ కరోలైనా ఆటకు ఐదారు వారాల ముందే వేసేది నల్ల గుడారం. చాలా ఏళ్లుగా నడుస్తున్న లెక్క ప్రకారం అందులో రాత్రి పది మంది పడుకోవాలి. అంటే రోజూ ఇద్దరికే సెలవు, ఒక్కొక్కరికి ఆరు రాత్రులకొక రాత్రి మంచం దక్కుతుంది. తర్వాత నీలం గుడారం, రాత్రికి ఆరుగురు. చివర వేసేది తెల్ల గుడారం, ఇద్దరుంటే సరి. వరుసలో ముందు చోటు కావాలంటే ఎక్కువ రాత్రులు ఇచ్చుకోవాలి, అదీ బేరం. పగలు ఒకరిద్దరు కాపలా ఉంటే చాలు, పుస్తకాలు ముందేసుకుని చదువుకుంటుంటారు.

ఈ వరుసను చూసేది పోలీసులు కాదు, లైన్ మానిటర్లనే తోటి విద్యార్థులే. వాళ్లు ఎప్పుడైనా వచ్చి తలకాయలు లెక్కపెడతారు. ఒకసారి లెక్క తప్పితే హెచ్చరిక, మళ్లీ తప్పితే వరుసలో వెనక్కి. చలి మరీ ముదిరినా, మంచు పేరుకున్నా, ఉరుములు మెరుపులు వచ్చినా విడుపు ప్రకటిస్తారు. దాన్ని గ్రేస్ అంటారు. ఆ రాత్రి గదికి పోవచ్చు.

గుడారం పాడయ్యేది పైనుంచి కాదు, కిందనుంచి. అక్కడ నేల ఎర్రబంకమన్ను, నీరు ఇంకదు. కింద పరిచే టార్పాలిన్ గుడారం అంచు దాటి బయటికి వస్తే పైన పడ్డ వాన దానిమీదుగా జారి లోపలికే చేరుతుంది. కాబట్టి నాలుగు వైపులా అరచేయంత లోపలికి మడవాలి. కింద చెక్క పలకలు వేసుకుంటే ఇంకా మంచిది. చలికి భయపడి గాలి రంధ్రాలన్నీ మూసేస్తే ఊపిరి తేమ పైగుడ్డకు పట్టి తెల్లారేసరికి చుక్కలుగా మొహాన రాలుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, లోపల గ్యాసు పొయ్యి, బొగ్గు కుంపటి పెట్టరాదు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు దానిమీద రెండు ఉష్ణోగ్రతలుంటాయి. 'లిమిట్' అన్నది కాకుండా 'కంఫర్ట్' అన్న అంకె చూసుకోవాలి. జనవరి రాత్రులు తరచుగా సున్నా డిగ్రీలకు చేరతాయి.

దేశంలో ఇన్ని కాలేజీలుండగా ఈ రెంటికే ఎందుకింత పంతం? (కర్నూలు)

దూరం పది మైళ్లు కనుక. దాయాదుల మధ్య ఉన్నంత పట్టింపు దూరపు చుట్టాల మధ్య ఉండదు. నార్త్ కరోలైనా ప్రభుత్వ విశ్వవిద్యాలయం, 1795లో పాఠాలు మొదలయ్యాయి. రాష్ట్రంలోని పిల్లలే ఎక్కువ. డ్యూక్ ప్రైవేటు, ఫీజు ఎక్కువ, దేశం నలుమూలల నుంచీ వస్తారు. 'మనవాళ్లు, పైవాళ్లు' అనే మాట అక్కడ పుట్టింది. మొదటి ఆట 1920 జనవరి 24న. అప్పటికి డ్యూక్‌కు ఆ పేరే లేదు, ట్రినిటీ కాలేజీ. జాతీయ ట్రోఫీలు నార్త్ కరోలైనాకు ఆరు, డ్యూక్‌కు ఐదు. ఇద్దరూ గొప్పవాళ్లు కాకపోయి ఉంటే ఈ పక్కింటి గొడవ ఊరు దాటేది కాదు.

టీవీలో చూస్తే జనం ఒకసారి చెవులు పగిలేలా అరుస్తారు, ఒకసారి పిన్‌డ్రాప్ నిశ్శబ్దం. దీనికేమైనా లెక్కుందా? (రాజమహేంద్రవరం)

ఉంది, గట్టి లెక్కే. తమ ఆటగాడు ఫ్రీ త్రో (ఫౌల్‌కు పరిహారంగా, ఎవరూ అడ్డుకోకుండా వేసే బంతి) వేస్తుంటే అందరూ చేతులెత్తి మౌనంగా ఉంటారు. ఎదుటివాడు వేస్తుంటే బుట్ట వెనకున్నవాళ్లు చేతులూపి, అట్టబొమ్మలు చూపించి, వాడి చూపు చెదరగొట్టాలని చూస్తారు. ఎదుటి జట్టు బంతి పట్టుకున్నప్పుడు షాట్ క్లాక్ (బుట్టకు బంతి వేసి తీరాల్సిన గడువు) 30 సెకన్లు. దాంట్లో ఇంకా ఎనిమిది ఉండగానే 'ఐదు, నాలుగు, మూడు' అని దొంగ లెక్క మొదలెడతారు. కొత్త కుర్రాడు బెదిరి తొందరపడి వేసేస్తాడు. గీత బయటినుంచి బంతి అందించేవాడి వీపు దాకా చేతులు చాచి వేళ్లు ఆడిస్తారు, తాకరు. తాకినా, ఏదైనా విసిరినా సొంత జట్టు మీదే టెక్నికల్ ఫౌల్ పడొచ్చు. అప్పుడు అభిమానమే ఎదుటివాడికి పాయింట్లిచ్చినట్టు.

బంతి బుట్టనూ బోర్డునూ ఏదీ తాకకుండా పోతే 'ఎయిర్ బాల్' అని సాగదీసి పాడటం చూసి ఉంటారు. అది 1979 ఫిబ్రవరి 24న కామెరన్‌లోనే పుట్టిందని ప్రతీతి. అప్పటికి షాట్ క్లాక్ లేదు. నార్త్ కరోలైనా కోచ్ డీన్ స్మిత్ బంతిని వేయనివ్వకుండా తమ చేతుల్లోనే తిప్పించాడు. సగం ఆటకు స్కోరు డ్యూక్ 7, నార్త్ కరోలైనా 0. వేసిన ఆ కొద్ది షాట్లూ గాల్లో పోతే జనం రాగం అందుకున్నారు. చివరికి డ్యూక్ 47-40తో గెలిచింది. రెండో సగం 40-40తో సమానమని గమనించండి.

మాకు బాగా నచ్చేది 1984 నాటి సంగతి. అంతకుముందు ఆటలో డ్యూక్ విద్యార్థుల నోటి దురుసు శ్రుతిమించింది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు టెర్రీ శాన్‌ఫోర్డ్ పెద్దమనిషి తరహాలో, బాబాయి మందలించినట్టు ఒక ఉత్తరం రాశారు. తర్వాతి ఇంటి ఆట నార్త్ కరోలైనాతో. విద్యార్థులు తీగకు వెండి కాగితం చుట్టి దేవదూతల్లా తలచుట్టూ వలయాలు పెట్టుకొచ్చారు. రిఫరీ నిర్ణయం నచ్చనప్పుడు బూతుకు బదులు 'అయ్యా, మేం ఏకీభవించలేం' అని మర్యాదగా అరిచారు. వెక్కిరింతకు తెలివి తోడైతే బూతు అక్కర్లేదు. మన సినిమా అభిమాన సంఘాల వాళ్లు ఈ ఒక్కటీ నేర్చుకున్నా మేలే.

నార్త్ కరోలైనా వాళ్ల డీన్ స్మిత్ సెంటర్ 1986లో తెరిచారు, రెండింతలకు పైగా పెద్దది. అయినా గోల తక్కువని పేరు. ముందు వరుసలు విరాళాలిచ్చిన పెద్దలవి. 1991లో ఫ్లోరిడా స్టేట్ ఆటగాడు శామ్ కాసెల్ వాళ్లను 'జున్నూ వైనూ జనం' అని ఎద్దేవా చేశాడు, ఆ పేరు అంటుకుపోయింది. అక్కడ విద్యార్థులకు గుడారాల పాట్లు లేవు, ఆన్‌లైన్ లాటరీయే.

గెలిచాక రోడ్డెక్కి మంటలేస్తారట. మా అమ్మాయి చాపెల్ హిల్‌లో చదువుతోంది. భయంగా ఉంది. (హైదరాబాద్)

నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయం ఉన్న చాపెల్ హిల్‌లో ఆ రోడ్డు పేరు ఫ్రాంక్లిన్ స్ట్రీట్. డ్యూక్‌ను ఓడిస్తే, ఆట ఎక్కడ జరిగినా సరే, విద్యార్థులు అక్కడికి పరుగెత్తుతారు. 2022 ఏప్రిల్ 2న న్యూ ఆర్లియన్స్‌లో జాతీయ టోర్నీ సెమీఫైనల్లో 81-77తో గెలిచినప్పుడు రోడ్డు నిండిపోయింది. జాతీయ టోర్నీలో ఈ రెండు జట్లూ తలపడటం అదే మొదటిసారి, కోచ్ కె 42 ఏళ్ల డ్యూక్ కొలువులో అదే చివరి ఆట.

వెళ్లొద్దని మీరు చెప్పినా ఆగదు కాబట్టి ఎలా వెళ్లాలో చెప్పండి. పోలీసులు వాహనాలు ఆపేస్తారు, కారు ఆ చుట్టుపక్కల వదలకూడదు. అంత జనంలో ఫోన్ పలకదు, కనుక కలుసుకునే చోటు ముందే అనుకోవాలి, రద్దీకి రెండు వీధుల అవతల. మంట మీదుగా గెంతే ఆట అక్కడొకటుంది. ఒళ్లు కాలేది మంట కన్నా ఒంటిమీది బట్టల వల్లే. పాలిస్టర్ జాకెట్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. మన భోగి మంట చుట్టూ నూలు బట్టలతో ఉండమన్న పెద్దల మాట ఇక్కడా పనికొస్తుంది. మంట వేయడం, 21 ఏళ్లు నిండకుండా మద్యం తాగడం రెండూ నేరాలే. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు కేసు పడితే చిక్కు కోర్టుతో ఆగదు.

డ్యూక్ వాళ్లు గెలిస్తే తమ హాస్టళ్ల ముందున్న చెక్క బెంచీలు తగలబెడతారు. అయితే దానికి అగ్నిమాపక శాఖ అనుమతి ముందే తీసుకుంటారు.

ఆట అవగానే మైదానంలోకి దూసుకెళ్లడం సరైనదేనా? (విశాఖపట్నం)

కాదు. 2024 ఫిబ్రవరి 24న వేక్ ఫారెస్ట్ అనే మరో విశ్వవిద్యాలయం జట్టు డ్యూక్‌ను ఓడించగానే జనం మీదపడి డ్యూక్ ఆటగాడు కైల్ ఫిలిపౌస్కీ మోకాలికి దెబ్బ తగిలింది. మీ పిల్లలు ముందు వరుసలో ఉంటే పక్కకు జరగాలి. వెనకనుంచి తోపు వస్తే ఎదురు నిలబడకూడదు, చేతులు ఛాతీ ముందు ఉంచుకుని ఏటవాలుగా గోడవైపు కదలాలి.

ఫిబ్రవరిలో మా దంపతులం, డ్యూక్‌కు దగ్గర్లోని కేరీలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తున్నాం. ఒక్కసారి ఆ స్టేడియంలో కూర్చోవాలని ఉంది. (తిరుపతి)

పురుషుల నార్త్ కరోలైనా ఆట ఆశ పెట్టుకోకండి. చేతులు మారిన టికెట్ వేల డాలర్లు పలికిన సందర్భాలున్నాయి. అదే కామెరన్‌లో డ్యూక్ మహిళల జట్టూ ఆడుతుంది, టికెట్ ధర ఎంతో తక్కువ, అదే బెంచీలు, అదే చెక్క నేల. మహిళల ఆటలో పది నిమిషాల భాగాలు నాలుగు, పురుషులకు ఇరవై నిమిషాలవి రెండు. బట్టల విషయం ఒకటి: లేత ఆకాశనీలం నార్త్ కరోలైనాది, ముదురు నీలం డ్యూక్‌ది. అమ్మగారు లేతనీలం చీరలో కామెరన్‌కు వెళ్తే ఎవరూ ఏమీ అనరు గానీ అందరూ చూస్తారు.

ఇక్కడ ఎన్ని గంటలకు చూడాలి? చివరి రెండు నిమిషాలు అరగంట ఎందుకు పడుతుంది? (నెల్లూరు)

అక్కడ శనివారం సాయంత్రం ఆరున్నరకైతే ఫిబ్రవరిలో మనకు ఆదివారం తెల్లవారుజాము ఐదు. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు, ఆ తర్వాత అదే ఆట మనకు నాలుగు గంటలకే.

చివర్లో వెనకబడ్డ జట్టు కావాలనే ఫౌల్ చేస్తుంది, గడియారం ఆపడానికి. ఒక సగంలో ఎదుటి జట్టు ఫౌళ్లు ఏడుకు చేరితే ఫ్రీ త్రో వస్తుంది, అది పడితేనే రెండోది. పదికి చేరితే రెండూ ఖాయం. అందుకే ఆఖర్లో కోచ్‌లు ఎవరిని ఫౌల్ చేయాలో వేలు చూపించి చెబుతారు, ఫ్రీ త్రోలు సరిగ్గా వేయలేనివాణ్ణి ఎంచుకుని. పైగా చివరి నిమిషంలో బుట్ట పడ్డ ప్రతిసారీ గడియారం ఆగుతుంది. 2022 సెమీఫైనల్లో ఒక్క పాయింటు వెనకుండగా, నిమిషం లోపే మిగిలినప్పుడు, డ్యూక్ ఆటగాడు మార్క్ విలియమ్స్ రెండు ఫ్రీ త్రోలూ తప్పాడు. కాసేపటికే నార్త్ కరోలైనా ఆటగాడు కేలబ్ లవ్ మూడు పాయింట్ల బంతి వేశాడు. అప్పటికి గడియారంలో మిగిలింది పాతిక సెకన్లే. కాబట్టి కాఫీ పెట్టుకోవడానికి లేవాలంటే ఆట ఇంకా నాలుగు నిమిషాలు ఉందనగా వచ్చే టీవీ విరామంలోనే లేవండి.