కొత్త చీఫ్ వార్డెన్‌కు ఒక పాత వార్డెన్ లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీవు పంపిన విద్యార్థుల ఆరోగ్య విధానం ముసాయిదా పూర్తిగా చదివాను. పేజీ పేజీకీ అవగాహన సదస్సులున్నాయి గానీ, మెస్ వేళల ఊసు ఒక్కచోటా లేదు. నా అభ్యంతరం అక్కడే.

తెలియక పిల్లలు చెడు తిండి తినడం లేదమ్మా. నా హయాంలో రాత్రి మెస్ 8.30కే మూసేవాళ్లం, రీడింగ్ రూమ్ మాత్రం 12 దాకా తెరిచి ఉండేది. పదకొండింటికి ఆకలేసిన పిల్లవాడు గేటు బయట బండి దగ్గర నూడుల్స్ తినక ఏం చేస్తాడు? పోషకాహారం మీద మూడేళ్లు ఉపన్యాసాలు పెట్టించాను. ఆ మూడేళ్లలో ఒక బండి కాస్తా రెండయింది. చివరకు మెస్ కాంట్రాక్టరును ఒప్పించి, రీడింగ్ రూమ్ మెట్ల దగ్గరే ఉడికించిన గుడ్లు, పల్లీలు, అరటిపండ్లు, మజ్జిగ తక్కువ ధరకు అమ్మించాక బండ్ల ముందు గుంపు పలచబడింది. అలాగే వంటవాడి చేతి అంచనాకు వదిలేయకుండా ఉప్పును తూచి వేయించు. రోజుకు మనిషికి 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, మన కంచంలో సాంబారు, ఊరగాయ, అప్పడం కలిసి ఆ హద్దును సులువుగా దాటిస్తాయి.

పొగాకు విషయంలో కొత్త నిబంధన రాయనక్కరలేదు. విద్యాసంస్థకు 100 గజాల లోపు అమ్మకాన్ని 2003 నాటి చట్టమే నిషేధించింది. ఆ దూరాన్ని గేటు నుంచి కాక ప్రహరీ వెలుపలి అంచు నుంచి అన్ని వైపులా కొలవాలన్న సంగతి మాత్రం దుకాణదారులకే కాదు, మన సెక్యూరిటీ వాళ్లకు కూడా తెలియదు.

100 మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హత గల కౌన్సెలర్‌ను నియమించాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు నిర్దేశించింది కనుక, ఆ పోస్టు నీకు ఎలాగూ వస్తుంది. అయితే గదిని పరిపాలనా భవనంలో ఇవ్వనీయకు; హాజరు తగ్గిన వాళ్లు సంజాయిషీకి నిలబడే వరండాలోనే తన దిగులు చెప్పుకోవడానికి ఏ పిల్లా రాదు. కౌన్సెలర్ రాసుకున్న కాగితం క్రమశిక్షణ ఫైలులోకి చేరకూడదన్న వాక్యాన్ని విధానంలో స్పష్టంగా రాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416ను నోటీసు బోర్డులో కాక, ప్రతి గది తలుపుకు లోపలి వైపు అంటించు.

ఇక వ్యాయామం. వారానికి 150 నిమిషాలు అని ముసాయిదాలో అందంగా రాశావు. ప్రయోగశాల తరగతులు 5కు ముగిసి, అమ్మాయిల హాస్టల్ గేటు 6.30కే మూసే చోట, ఆ 150 నిమిషాలు అబ్బాయిలకే దక్కుతాయి. మైదానంలో దీపాలు వేయించి, మహిళా కోచ్‌ను సాయంత్రం ఉంచి, ముందు ఆ గేటు వేళ మార్పించు. సవరించిన ముసాయిదా ఆ తర్వాత పంపితే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు