పెండ్లి నుంచి పంపించివేయడం వాక్ స్వాతంత్ర్యానికి భంగమా?

మిర్యాలగూడలో జరిగిన పెండ్లికి ఒక కులాన్ని ఎత్తిపొడిచే రాత ఉన్న టీషర్టు వేసుకొచ్చాడని మీ తమ్ముణ్ణి పెండ్లికూతురు తండ్రి బంతిలో నుంచి లేపి పంపించారనీ, ఇది భావప్రకటన హక్కుకు భంగం కాదా అనీ అడిగారు. నా దృష్టిలో కాదు.

దుస్తులు కూడా భావప్రకటనలో భాగమేనని ట్రాన్స్‌జెండర్ల హక్కులపై 2014లో ఇచ్చిన నల్సా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఈ హక్కునిచ్చే రాజ్యాంగంలోని ఆర్టికల్ 19 ప్రధానంగా ప్రభుత్వానికి పెట్టిన కట్టడి. 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన కౌశల్ కిశోర్ తీర్పు దానిని ప్రైవేటు వ్యక్తులపైనా వినియోగించుకోవచ్చన్నా, అద్దె కట్టి హాలు తీసుకున్న మనిషి తన శుభకార్యంలో ఎవరిని ఉండనివ్వాలో నిర్ణయించుకునే అధికారం పోయిందని నేను అనుకోను. పిలుపు అంటే అనుమతి. దానిని వెనక్కి తీసుకున్నాక, అవమానించే ఉద్దేశంతో అక్కడే నిలబడితే భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద అక్రమ ప్రవేశం అయ్యే అవకాశం ఉంది. (చదివింపుల కవరు ఇచ్చాడు కదా అన్న వాదన మాత్రం దయచేసి ఎక్కడా చేయకండి.)

మెడ పట్టి గుంజారని, టీషర్టు భుజం దాకా చినిగిందని రాశారు. అది వేరే సంగతి. దానిపై స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. కానీ సాక్ష్యంగా ఆ టీషర్టునే చూపవలసి వస్తుంది, దాని మీది రాత వర్గాల మధ్య వైరం పెంచేదని తోస్తే అదే సంహితలోని 196వ సెక్షన్ మీ తమ్ముడి మీదికే రావచ్చు. ముందుగా ఆ రాతను నల్లగొండలో ఎవరైనా వకీలుకు చూపించి, ఆ తర్వాతే ఫిర్యాదు రాయించండి.