హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎన్ని గంటలు?

ఇక్కడ డాలస్‌లో ఉండి అమ్మానాన్నలకి మొదటిసారి టికెట్లు బుక్ చేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా విమానం లేదు. గ్లోబు మీద దారం పట్టి కొలిస్తే దూరం సుమారు 14,400 కిలోమీటర్లు, ఆ దారం దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. దుబాయ్ మీదుగా అయితే 15,500 దాకా అవుతుంది. దుబాయ్‌కి 4 గంటలు, అక్కణ్ణుంచి డాలస్‌కి 16 గంటలు. మధ్యలో ఆగేది కలుపుకుంటే 23 గంటల నుంచి 30 గంటలనుకోండి.

అసలు తికమక గడియారంతో వస్తుంది. టికెట్ మీద వేసేవన్నీ ఏ ఊరి టైము ఆ ఊరిదే. సోమవారం తెల్లవారుజామున 4కి శంషాబాద్‌లో ఎక్కి, దుబాయ్‌లో 3 గంటలు ఆగితే, ఎండాకాలంలో అదే సోమవారం సాయంత్రం 4:30కి డాలస్‌లో దిగుతారు. చూడ్డానికి పన్నెండున్నర గంటలే, కూర్చున్నది మాత్రం 23 గంటలు. నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడి గడియారం ఇంకో గంట వెనక్కి పోతుంది కాబట్టి మనకీ ఇంటికీ తేడా పదకొండున్నర గంటలు. తిరుగు ప్రయాణంలో శనివారం మధ్యాహ్నం బయల్దేరిన మనిషి సోమవారం తెల్లవారుజామున ఇల్లు చేరినా ఆశ్చర్యం లేదు. ఆదివారం పెళ్లి ఉందని శనివారం విమానం ఎక్కేవాళ్లు ఇది చూసుకోవాలి. అటువైపు గాలి వెనకనుంచి తోస్తుంది కనుక గాల్లో ఉండే సమయం మాత్రం గంటా గంటన్నర తగ్గుతుంది.

ఇంకో మాట. 12వ తేదీ రాత్రి 2:30 ఫ్లైట్ అంటే 11వ తేదీ రాత్రే ఎయిర్‌పోర్టుకి వెళ్లాలి. నాన్నగారికి ఫోన్‌లో "పదకొండు రాత్రి భోజనం చేసి బయల్దేరండి" అని చెప్పండి, తేదీ ఒక్కటే చెప్పి వదిలేయకండి.

నన్నడిగితే గంటల కన్నా ముందు చూడాల్సింది అమెరికాలో మొదట ఎక్కడ దిగుతున్నారని. ఇమ్మిగ్రేషన్ అక్కడే, పెట్టెలు బెల్టు మీంచి తీసి కస్టమ్స్ దాటి మళ్లీ అప్పజెప్పాల్సిందీ మామూలుగా అక్కడే. షికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగి డాలస్‌కి మారే టికెట్ ఒక్కోసారి తక్కువ గంటలు చూపించొచ్చు. కానీ గంటన్నర వ్యవధిలో ఈ తతంగమంతా, అదీ ఇంగ్లీషు రాని అత్తయ్య ఒక్కతే, వద్దండీ బాబూ. అలాంటి చోట కనీసం 3 గంటలుండాలి. గల్ఫ్ నుంచి నేరుగా డాలస్ వచ్చేస్తే ఈ గొడవ మన ఊళ్లోనే, మనం బయట నిలబడి ఉండగానే తీరిపోతుంది. డబ్బు కాస్త ఎక్కువైనా నేను అదే తీసుకుంటాను.

చవకని రెండు విడి టికెట్లు కొనకండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే, రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం లేదు. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి ఇండియా వెళ్లే హెచ్1బీ వాళ్లు ఐరోపా మీదుగా బుక్ చేసే ముందు ట్రాన్సిట్ వీసా (దారిలో విమానం మారడానికి అడిగే వీసా) సంగతి కనుక్కోండి. పెద్దవాళ్లకి వీల్‌చైర్ బుకింగ్‌లోనే పెట్టించండి. నడవగలిగినా సరే. గేటు వెతుక్కునే టెన్షన్ ఉండదు, ఇమ్మిగ్రేషన్ దాకా తోడు మనిషి ఉంటారు.