టెక్ సందేహాలు: ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు వెబ్ ప్రోగ్రామింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈసారి ప్రశ్నలు పంపినవాళ్లలో కాలేజీ విద్యార్థులు ఎవరూ లేరు. లెక్కలు చూసేవారు, పుస్తకాల పేజీలు దిద్దేవారు, పాఠాలు చెప్పేవారు, రిటైరైన ప్రోగ్రామర్ ఉన్నారు. అందరూ అడిగింది ఒక్కటే: వెబ్ ప్రోగ్రామింగ్ ఎలా మొదలుపెట్టాలి? జవాబు మాత్రం ఒకటి కాదు. ఇప్పటికే మీకు ఏ పని వచ్చు, కోడింగ్ నేర్చుకుని ఏం చేయాలనుకుంటున్నారు అన్నవి తేలితేనే మొదటి పాఠం ఏదో చెప్పగలం. 'ముందు హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏముందో చెప్పేది), తర్వాత సీఎస్‌ఎస్ (అది ఎలా కనిపించాలో చెప్పేది), ఆ తర్వాత జావాస్క్రిప్ట్ (పేజీ చేత పని చేయించేది)' అనే వరస కొందరికి సరిపోతుంది, కొందరికి ఆర్నెల్లు వృథా చేస్తుంది.

ప్ర: పదిహేనేళ్లుగా అకౌంట్స్ పనిలో ఉన్నాను. ఎక్సెల్‌లో వీలుకప్, పివట్ టేబుళ్లు బాగా వచ్చు. ఒకే ఫైల్‌ను ఆరుగురం మార్చి మార్చి వాడుతుంటే ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేస్తున్నారు. దాన్ని బ్రౌజర్‌లో నడిచే చిన్న అప్లికేషన్‌గా మార్చాలని ఉంది. హెచ్‌టీఎంఎల్ కోర్సులో చేరమంటారా?

జ: వద్దు. మీరు ఎస్‌క్యూఎల్‌తో, అంటే డేటాబేస్‌లోని సమాచారాన్ని అడిగి తెచ్చుకునే భాషతో మొదలుపెట్టండి. అందులో సగం మీకు వేరే పేర్లతో వచ్చినదే. ఫిల్టర్ చేసే పని అక్కడ 'వేర్' చేస్తుంది, పివట్ పని 'గ్రూప్ బై', వీలుకప్ పని 'లెఫ్ట్ జాయిన్'. సాధనకు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చాలు. సర్వర్ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, డేటాబేస్ మొత్తం ఒకే ఫైల్‌లో ఉంటుంది. 'డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్' అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఆ ఫైల్‌ను తెరిచి చూసుకోవచ్చు.

ముందు షీట్‌ను శుభ్రం చేయాలి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కలిపేసిన సెల్స్ విడదీయండి. మధ్యమధ్యలో ఉన్న మొత్తాల వరసలు తీసేయండి. ఒక వరసలో ఒకే లావాదేవీ, ఒక నిలువు గడిలో ఒకే రకం సమాచారం ఉండాలి. తేదీలన్నిటినీ సంవత్సరం-నెల-రోజు క్రమంలోకి మార్చండి. ఎస్‌క్యూలైట్‌లో తేదీకి ప్రత్యేక రకం లేదు, ఈ క్రమంలో రాస్తేనే వరస సరిగా వస్తుంది. ఖాతా కోడ్ 00123 లాంటిదైతే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా దిగుమతి చేయండి, లేకపోతే ముందున్న సున్నాలు పోయి 123 మిగులుతుంది. ఇదంతా అయ్యాకే సీఎస్‌వీగా (విలువలను కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేసి డేటాబేస్‌లోకి ఎక్కించండి.

ఎక్సెల్ నుంచి వచ్చినవాళ్లు మూడుచోట్ల తడబడతారు. మొదటిది రెండు పట్టికలను కలిపే జాయిన్. వీలుకప్ మొదట దొరికిన ఒక్క వరసనే తెస్తుంది, జాయిన్ సరిపోలిన వరసలన్నీ తెస్తుంది. పార్టీల పట్టికలో ఒకే కోడ్ రెండుసార్లు ఉంటే మీ మొత్తం రెట్టింపవుతుంది, ఎర్రర్ మాత్రం రాదు. అందుకే జాయిన్ చేసే ముందు, చేసిన తర్వాత వరసలు ఎన్నో లెక్కపెట్టి చూడండి. రెండోది, సెల్ మారితే ఫార్ములా తనంతట తానే మారే అలవాటు. ప్రోగ్రామ్‌లో అలా జరగదు. మొత్తాన్ని ఒక వేరియబుల్‌లో లెక్కకట్టాక ధర మారిస్తే పాత మొత్తమే ఉంటుంది, మళ్లీ లెక్క వేయించాల్సింది మీరే. మూడోది డబ్బు. 0.1 + 0.2 ఎంత అని పైథాన్ భాషను గానీ జావాస్క్రిప్ట్‌ను గానీ అడిగితే 0.30000000000000004 అంటుంది. దశాంశాలను బైనరీలో దాచుకోవడం వల్ల వచ్చే తేడా ఇది. మొత్తాలను కరెన్సీలోని అతి చిన్న యూనిట్‌లోకి మార్చి పూర్ణాంకాలుగా దాచండి, తెర మీద చూపేటప్పుడే వందతో భాగించండి.

ఎస్‌క్యూఎల్ చేతిలోకి వచ్చాక పైథాన్, దాని మీద వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే ఫ్లాస్క్ అనే చిన్న ఫ్రేమ్‌వర్క్ పట్టుకోండి. మొదట రెండే తెరలు పెట్టుకోండి: ఒకటి జాబితా, రెండోది కొత్త ఎంట్రీ రాసే ఫామ్. హెచ్‌టీఎంఎల్‌లో మీకు ఆ రెండింటికి కావలసినంతే ఇప్పటికి అవసరం. ఫామ్‌లో వచ్చిన విలువను ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా అతికించవద్దు. ప్రశ్నార్థకం గుర్తు పెట్టి విలువను విడిగా పంపండి. అతికిస్తే పేరులో ఒక్క కొటేషన్ గుర్తున్నా ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అదే సందులోంచి ఎవరైనా డేటా మొత్తం లాగేయవచ్చు, చెరిపేయవచ్చు కూడా. ఎస్‌క్యూలైట్‌లో ఒక సమయంలో ఒక్కరే రాయగలరు గానీ ఆరుగురికి అది అడ్డు కాదు. ఫ్లాస్క్‌తో వచ్చే సర్వర్ మాత్రం సాధన కోసమే. ఆఫీసులో అందరికీ ఇచ్చే ముందు ఐటీ విభాగంతో మాట్లాడి లాగిన్, బ్యాకప్ ఏర్పాట్లు చేయించుకోండి.

ప్ర: నేను అచ్చు పుస్తకాలకు పేజీ డిజైన్ చేస్తాను. వెబ్ డిజైన్ కూడా నేర్చుకుంటే పని పెరుగుతుందని మొదలుపెట్టాను. నా కంప్యూటర్‌లో చక్కగా కనిపించే పేజీ ఫోన్‌లో చీమంత అక్షరాలతో వస్తోంది. పొజిషన్ ఆబ్సల్యూట్ వాడి ప్రతిదీ కొలిచి పెట్టాను. తప్పెక్కడ?

జ: కొలిచి పెట్టడంలోనే ఉంది. అచ్చులో కాగితం సైజు మీ చేతిలో ఉంటుంది, ఇక్కడ చదివేవాళ్ల చేతిలో ఉంటుంది.

చీమంత అక్షరాలకు కారణం, పేజీ వెడల్పు ఎంతో ఫోన్‌కు చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ లేకపోవడం. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ సాధారణంగా పేజీని 980 పిక్సెళ్ల వెడల్పుగా ఊహించుకుని తెరకు సరిపడా కుదిస్తుంది. హెడ్ భాగంలో ఆ ట్యాగ్ పెట్టి, వెడల్పు 'డివైస్ విడ్త్' అని, ఇనిషియల్ స్కేల్ 1 అని ఇవ్వండి. తర్వాత ఆబ్సల్యూట్ పొజిషన్లు తీసేసి, ఒక వరసలో సర్దాల్సినవాటికి ఫ్లెక్స్, అడ్డం నిలువు రెండూ ఉన్నచోట గ్రిడ్ వాడండి. అక్షరాల సైజులు పిక్సెళ్లలో కాకుండా రెమ్‌లో ఇవ్వండి. బ్రౌజర్ సెట్టింగ్ ఎవరూ మార్చకపోతే 1 రెమ్ అంటే 16 పిక్సెళ్లు. పెద్ద అక్షరాలు కావాలని సెట్టింగ్ మార్చుకున్నవాళ్లకు దానంతట అదే పెరుగుతుంది. బాక్స్ సైజింగ్‌ను బోర్డర్ బాక్స్ చేయండి. లేదంటే మీరిచ్చిన వెడల్పుకు ప్యాడింగ్, బోర్డర్ కూడా కలిసి పెట్టెలు పక్కకు పొంగుతాయి.

పరీక్షించడానికి క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎం కలిపి నొక్కితే ఫోన్ తెరల నమూనాలు వస్తాయి. అయినా చివరికి ఒక అసలు ఫోన్‌లో చూడకుండా ఎవరికీ అప్పగించవద్దు.

తెలుగు పుస్తకాల పని చేస్తుంటే ఇంకో రెండు మాటలు. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ను కాపీ చేసి వెబ్ పేజీలో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఆ తర్వాత ప్రూఫ్ చూడాలి, ఎందుకంటే వత్తుల దగ్గర కన్వర్టర్లు తప్పు చేస్తాయి. పంక్తుల మధ్య ఎడం ఇంగ్లిష్‌కు సరిపోయినంత మనకు సరిపోదు, గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి. లైన్ హైట్ 1.6 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. మీ కన్ను ఇప్పటికే అక్షరాల మధ్య ఎడాన్ని పసిగడుతుంది, కోడ్ రాసేవాళ్లలో ఇది చాలామందికి రాదు. ధర మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోండి.

ప్ర: ముప్పై ఏళ్లు కోబాల్, సీ రాసి రిటైరయ్యాను. కాలక్షేపానికి జావాస్క్రిప్ట్ నేర్చుకుంటున్నాను. సర్వర్ నుంచి డేటా తెచ్చే పంక్తి పైన ఉంది, దాన్ని ముద్రించే పంక్తి కింద ఉంది. కానీ కిందిదే ముందు నడుస్తోంది. ఇదేం భాష?

జ: భాష సరిగానే ఉంది. మీ ప్రోగ్రాముల్లో ఫైల్ చదివే పంక్తి పూర్తయ్యేదాకా తర్వాతిది ఆగేది. బ్రౌజర్‌లో అలా ఆగితే పేజీ మొత్తం బిగుసుకుపోతుంది. అందుకే డేటా తెచ్చే ఫెచ్ అనే ఫంక్షన్ పనిని మొదలుపెట్టి, 'తర్వాత ఇస్తాను' అన్నట్టు ప్రామిస్ అనే వస్తువును చేతిలో పెట్టి ముందుకు పోతుంది. ఫంక్షన్‌కు ముందు ఎసింక్, ఫెచ్‌కు ముందు అవెయిట్ రాయండి. ఆ ఫంక్షన్ లోపల మీకు అలవాటైన క్రమమే కనిపిస్తుంది. ఫలితం చోట 'ఆబ్జెక్ట్ ప్రామిస్' అని కనిపిస్తే ఎక్కడో అవెయిట్ మరిచారని అర్థం. ఫర్‌ఈచ్ లోపల అవెయిట్ పెట్టినా ఆ లూప్ ఆగదు, ఫర్-ఆఫ్ లూప్ వాడండి.

పోల్చేటప్పుడు == కాకుండా === వాడండి. మొదటిది రకాలను తనే మార్చేసుకుని 0ను, ఖాళీ స్ట్రింగ్‌ను (అక్షరాలేమీ లేని టెక్స్ట్‌ను) సమానమంటుంది. తేదీల్లో జనవరి 0వ నెల. ఇది చూసి సీ రాసినవాళ్లు ఆశ్చర్యపోరు, మిగతావాళ్లు తిట్టుకుంటారు. మీరు చూస్తున్న పాఠంలో అంతా 'వార్' ఉండి, 'లెట్', 'కాన్స్ట్' కనిపించకపోతే అది 2015కు ముందటి పద్ధతి, వేరే పాఠం వెతుక్కోండి.

ప్ర: ఎనిమిదేళ్లు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, పిల్లల కోసం ఆరేళ్లు ఆగిపోయాను. మూడు నెలల్లో వెబ్ డెవలపర్ చేస్తామని, సర్టిఫికెట్ కూడా ఇస్తామని ఒక శిక్షణ సంస్థ అంటోంది. ఫీజు ఎక్కువే. చేరాలా?

జ: ఇప్పుడే కట్టకండి. ముందు ఖర్చు లేకుండా మూడు వారాలు చూడండి. ఫ్రీకోడ్‌క్యాంప్ 2014 నుంచి ఉచితంగా పాఠాలు ఇస్తోంది, ఓడిన్ ప్రాజెక్ట్ కూడా ఉచితమే. సందేహం వస్తే మొజిల్లా నడిపే ఎండీఎన్ అనే వివరణల సైట్ చూడండి. మూడు వారాలు రోజుకో గంట కూర్చున్నాక, పని చేయని పేజీని పట్టుకుని కారణం వెతకడం మీకు విసుగనిపిస్తోందా, పట్టుదల పెంచుతోందా అన్నది తెలుస్తుంది. ఈ పనిలో ఎక్కువ సమయం దానికే పోతుంది.

మూడు నెలల మాట నమ్మేలా లేదు. అంతకుముందు ఏ కోడింగూ రాకుండా వారానికి పదేసి గంటలు చదివేవాళ్లకు ఇంటర్వ్యూ దాకా రావడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. సంస్థను మూడు ప్రశ్నలు అడగండి. నా కోడ్ చదివి తప్పులు చెప్పేది ఎవరు, వారానికి ఎన్నిసార్లు? మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు, ఆ మాట రాసి ఇస్తారా? గత బ్యాచ్‌వాళ్ల ప్రాజెక్టులు చూపిస్తారా? చూపించినవన్నీ ఒకే 'చేయాల్సిన పనుల జాబితా' యాప్ రంగులు మార్చినవే అయితే వెనక్కి వచ్చేయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే, మీరు రాసిన కోడ్‌లో ఒక పంక్తిని చూపించి 'ఇది ఎందుకిలా రాశారు' అని అడిగినప్పుడు ఇచ్చే జవాబు పనిచేస్తుంది.

అందుకే వీడియో చూస్తూ టైప్ చేయడం దగ్గరే ఆగిపోకండి. పాఠం అయ్యాక వీడియో మూసేసి, అదే పేజీని ఖాళీ ఫైల్ నుంచి కట్టండి. చేతులు ఎక్కడ ఆగుతాయో మీకు రానిది అదే. ఏఐ సాధనాలను వాడండి గానీ, కోడ్ రాయించుకోకుండా ఎర్రర్ అర్థం చెప్పించుకోండి. మీకు వివరించడం రాని కోడ్ మీ ప్రాజెక్టులో ఉంటే ఇంటర్వ్యూలో అక్కడే దొరికిపోతారు. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వైపు ఇప్పుడే వెళ్లకండి, జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్లు, ఎర్రేలు, ఆబ్జెక్టులు, ఫెచ్ తడుముకోకుండా వచ్చాక చూడవచ్చు.

మీ ఎనిమిదేళ్లను పక్కన పెట్టేయకండి. షిఫ్టుల పట్టిక, మందుల వేళలు గుర్తుచేసే పేజీ లాంటిది చేయండి. ఊహించిన పేర్లతోనే చేయండి, అసలు రోగుల వివరాలు వద్దు. డ్యూటీ రాత్రి పదికి మొదలై తెల్లారి ఆరుకు ముగిస్తే తేదీ మారడంతో లెక్క ఎలా తప్పుతుందో మీకు చూడగానే తెలుస్తుంది, కొత్తగా చదువుకుని వచ్చినవాళ్లకు తట్టదు. వైద్య సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ల దగ్గర టెస్టింగ్, సపోర్ట్ ఉద్యోగాల కోసం కూడా ప్రయత్నించండి.

ప్ర: టీచర్‌ని. పిల్లలకు బహుళైచ్ఛిక ప్రశ్నల పేజీ చేశాను. ఒక ప్రశ్నకు నాలుగు జవాబులూ ఎంచుకోగలుగుతున్నారు. నెట్‌లో పెట్టాక బొమ్మలు కూడా రావడం లేదు.

జ: రేడియో బటన్లు నాలుగింటికీ 'నేమ్' ఒకటే ఉండాలి. వేర్వేరుగా ఉంటే బ్రౌజర్ వాటిని వేర్వేరు ప్రశ్నలనుకుంటుంది. బొమ్మల సంగతి ఫైల్ పేర్లలో ఉండి ఉంటుంది. విండోస్‌కు పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే, లైనక్స్ సర్వర్‌కు కాదు. ఫైల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి, ఖాళీలు లేకుండా మార్చి, పేజీలోనూ అలాగే రాయండి. ఇన్‌పుట్ పెట్టె నుంచి వచ్చేది అంకె కాదు, స్ట్రింగ్. 5, 3 కలపమంటే 53 వస్తుంది. 'నంబర్'తో మార్చాకే కూడండి. జవాబులు జావాస్క్రిప్ట్ ఫైల్‌లో ఉంటే తెలిసిన పిల్లలు తెరిచి చూసేస్తారు. కాబట్టి ఈ పేజీ సాధనకు సరే, మార్కులు వేసే పరీక్షకు వద్దు.

ప్ర: మా సంఘానికి అయిదు పేజీల వెబ్‌సైట్ కావాలి. అందుకోసం ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలా?

జ: అక్కర్లేదు. కోడ్ రాయకుండా సైట్ కట్టుకునే వర్డ్‌ప్రెస్ లాంటిది చాలు, దాన్ని, దాని ప్లగిన్లను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసే బాధ్యత ఒకరికి అప్పగించండి. డొమైన్ పేరును (సైట్ చిరునామాను) మాత్రం సంఘం ఈమెయిల్‌తోనే నమోదు చేయించండి. చేసిపెట్టినవాళ్ల సొంత ఖాతాలో ఉంటే, వాళ్లు వెళ్లిపోయాక పేరు మీ చేతికి రాదు.

ప్ర: ఇవన్నీ నేర్చుకోవడానికి ఎలాంటి ల్యాప్‌టాప్ కావాలి? ఫోన్‌లో కుదరదా?

జ: ర్యామ్ 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంటే పాతదైనా చాలు. గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. 4 జీబీతో కూడా నడుస్తుంది, బ్రౌజర్ ట్యాబ్‌లు తక్కువ తెరవాలి. ఫోన్‌లో పాఠం చదువుకోవచ్చు గానీ, తప్పు వెతకడానికి కావలసిన డెవలపర్ టూల్స్ ఫోన్ బ్రౌజర్‌లో అలా దొరకవు. కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో అక్షరాలు చిన్నగా అనిపిస్తే కంట్రోల్, ప్లస్ నొక్కండి. కామాకూ ఫుల్‌స్టాప్‌కూ తేడా కనిపించకపోవడం వల్ల గంటలు పోగొట్టుకునేవాళ్లు తక్కువేమీ కాదు.